పీపాల ప్రిమస్ గట్టిగా చెప్పిన ఓటు

మొన్న ప్రిమస్ టోలివర్‌ను పూడ్చిపెట్టినప్పుడు బోధకుడు రెండు మాటలు మాట్లాడాడు. ప్రిమస్ చేసిన పీపా ఏదీ కారలేదట. ప్రిమస్ బతికినన్నాళ్ళూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. మొదటి మాట నిజమే. రెండోది వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ బోధకుడు ఊరికి కొత్త, ఎవరో చెప్పింది చిలకలా పలికాడు, అతన్ని అని లాభం లేదు. కానీ గోతి చుట్టూ నిలబడి తలలూపిన పెద్దమనుషుల్లో నలుగురైదుగురికి అసలు సంగతి తెలుసు. తెలిసే ఊపారు.

ప్రిమస్ ఇబ్బంది పెట్టాడు. ఒక మనిషి ఒక్క మాటతో ఎంత ఇబ్బంది పెట్టగలడో అంతా పెట్టాడు. అది చూసిన మగవాళ్ళు దాని ఊసెత్తరు. అందుకని నేను చెబుతున్నాను. నా పేరు టాబిత రైన్. పెంబర్ రేవులో కోర్టు ఇంటికి ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇల్లు నాది. ఈ కెంటకీలో పాలన ఎలా నడుస్తుందో నాకు పుస్తకాలు చదివి తెలియలేదు, భోజనాలు వడ్డిస్తూ విన్నాను.

ప్రిమస్ కొండలు దాటి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ రేవు రేవు కాదు. గుర్రం మీద కూర్చున్న మనిషి కూడా కనపడనంత ఎత్తున వెదురు పొదలుండేవి. టోలివర్ అనే వర్జీనియా ఆసామికి బానిసగా వచ్చాడు. ఆ ఆసామికి పిల్లల్లేరు. రక్త విరేచనాలు పట్టుకుని మంచాన పడ్డప్పుడు రాత్రింబగళ్ళు ప్రిమస్సే చూశాడు. చనిపోయే ముందు ఆయన ప్రిమస్‌ను బానిసత్వం నుంచి విడుదల చేస్తూ కాగితం రాసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ఇంటిపేరు కూడా ఆయనదే మిగిలింది.

ఆ తరవాత ప్రిమస్ నది ఒడ్డున ఒక పాక వేసుకుని పీపాల పని మొదలుపెట్టాడు. తెల్ల ఓక్ చెక్కను చీల్చి, ఆరబెట్టి, నిప్పు సెగ మీద వంచి, హికరీ చెట్టు బద్దలతో పట్టీలు బిగించేవాడు. మా పొగాకు, మా పిండి, మా ఉప్పు పంది మాంసం, మా విస్కీ, అన్నీ ఆయన పీపాల్లోనే పడవలెక్కి న్యూ ఆర్లీన్స్‌కు పోయేవి. ఆయన భార్య డోర్కస్ మాత్రం గ్రిసమ్ వాళ్ళ పొలంలో బానిస. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం చీకటి పడేలోగా వెళ్ళిపోయేది. ఎన్నిసార్లు అడిగినా గ్రిసమ్ ఆమెను విడిచిపెట్టనన్నాడు.

ఊళ్ళో అందరూ ఆయన్ని "ప్రిమస్ మామా" అనేవాళ్ళు. మా వైపు నల్లవాడికి తల కాస్త నెరిస్తే మామా అంటాం. అది ప్రేమ అని మేమే అనుకుంటాం. "గారూ" అని మాత్రం చచ్చినా అనం, అంటే నోరు పడిపోతుందేమో!

ఒక్క రోజున మాత్రం ఆ లెక్క మారేది. మా రాష్ట్రం పుట్టినప్పుడు రాసిన మొదటి రాజ్యాంగంలో స్వతంత్రుడైన మగవాడికి ఓటు ఉందని మాత్రమే ఉంది. రంగు సంగతి లేదు. ప్రిమస్ స్వతంత్రుడు, మగవాడు. అంతే, ఓటు వచ్చింది. ఎన్నికల రోజున షెరీఫ్ కోర్టు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలుస్తాడు. "ప్రిమస్ టోలివర్!" అని పిలిస్తే మా వంటింట్లోకి కూడా వినపడేది. నీలం కోటు వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని, వెళ్ళి మడిచిన కాగితం ఇచ్చి వచ్చేవాడు.

"ఏంటయ్యా ప్రిమస్, పెళ్ళికి పోతున్నావా ఏంటి?" అని నేను ఏడిపించేదాన్ని.

"పెళ్ళికయితే ఇంత పొద్దున్నే లేస్తానా అమ్మగారూ! మా పెళ్ళినాడు డోర్కస్ నన్ను రెండుసార్లు లేపింది," అనేవాడు.

ఓటు ఉంది గనుక అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఏడాది పొడుగునా ఆయన పాక మొహం చూడని ఆసాములు ఎన్నికలు దగ్గరపడితే వచ్చి, బోర్లించిన పీపా మీద కూర్చుని, నడుం నొప్పి తగ్గిందా అని అడిగేవాళ్ళు. వాళ్ళకు ఆయన నడుం మీద బెంగ లేదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా అడిగించుకోవడంలో ఒక మర్యాద ఉంది. దాని సంతోషాన్ని ప్రిమస్ దాచుకునేవాడు కాదు, ముఖంలో కనపడేది.

అలా వచ్చినవాళ్ళలో థాడియస్ మాపిన్ ఒకడు. మా కౌంటీలో పెద్ద పొలం, మంచి మాట, ఇంకా మంచి గుర్రాలు ఉన్న మనిషి. రాజ్యాంగాన్ని కొత్తగా రాయడానికి రాజధానిలో సభ పెడుతున్నారనీ, ప్రతి కౌంటీ నుంచి మనుషుల్ని ఎన్నుకోవాలనీ కబురొచ్చిన వసంతంలో ఆయన ప్రిమస్ పాకకు వచ్చాడు. మాంసం ఊరవేసే పీపా ఒకటి తీసుకుందామని వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ప్రిమస్ మామా, నీ ఓటు నాకే గదా?" అన్నాడు మాపిన్.

"అక్కడికి పోయి ఏం చేస్తారు మాపిన్ గారూ?"

"పాత రాజ్యాంగానికి చిల్లులు ఎక్కువైనాయి. బాగు చేయాలి."

"చిల్లులైతే నన్ను తీసుకుపోండి మరి! అదే గదా నా పని."

మాపిన్ తొడ చరుచుకుని నవ్వాడు. "నువ్వు రానక్కర్లేదు. నీ బదులు నేను పోతా. నీ ఓటు వేసి నన్ను పంపు."

ప్రిమస్ సుత్తి పక్కన పెట్టాడు. "బానిసల సంగతి ఎత్తుతారా అక్కడ?"

మాపిన్ లేచి కోటు దులుపుకున్నాడు. తరవాత ప్రిమస్ భుజం మీద చెయ్యి వేసి, "ఎత్తుతా. ఇప్పటికిప్పుడు అయ్యేది కాదు గానీ, ఎత్తుతా. నీ మాట నా నోటితో చెప్తా," అన్నాడు. నేను విన్నాను. ప్రిమస్ ఆ మాట నమ్మి ఓటు వేశాడు. మాపిన్ గెలిచి రాజధానికి వెళ్ళాడు.

వేసవి చివర తిరిగొచ్చి మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. గది నిండా జనం. ఉడత మాంసం పులుసు, మొక్కజొన్న రొట్టె తింటూ కొత్త రాజ్యాంగం కథంతా చెప్పాడు. ఇక గవర్నరును జనమే ఎన్నుకుంటారట. ఇక కాగితాల ఓట్లు ఉండవట. ప్రతివాడూ అందరి ముందూ నిలబడి ఎవరికి ఓటు వేస్తున్నాడో నోటితో చెప్పాలట.

"మగాడన్నాక దాచుకోవడం ఏంటి? నోరు తెరిచి చెప్పాలి," అన్నాడు. బల్లలు అదిరేలా చరిచారు అందరూ.

బానిసల సంగతి ఏమైందని ఎవరో అడిగితే, దానికింకా వేళ రాలేదన్నాడు. ప్రిమస్ తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. బాధ పడ్డాడు గానీ, అనుకోనిదైతే కాదు. అనుకోనిది ఇంకొకటి ఉందని మాపిన్ ఆ రోజు చెప్పలేదు. పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు, చెప్పలేదు.

మరుసటి ఏడు కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఆగస్టులో జరిగిన రాష్ట్ర ఎన్నికలకు ప్రిమస్ రాలేదు. చలిజ్వరంతో వణికిపోతూ మంచం పట్టాడు, నేనే గంజి పంపాను. నవంబరులో దేశాధ్యక్షుడి ఎన్నికలు వచ్చాయి. మేము అధ్యక్షుడి పేరు చెప్పం. మా తరఫున వెళ్ళి అధ్యక్షుడికి ఓటు వేసే మనిషిని ఎన్నుకుంటాం. ఆ పనికి ఇద్దరు నిలబడ్డారు. అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న వర్జీనియా పెద్దమనిషి పక్షాన మన మాపిన్, గద్దె మీదున్న అధ్యక్షుడి పక్షాన లాయరు పెల్హామ్. పెల్హామ్‌కు ఆయన ఓటు, ఆయన బావమరిది ఓటు తప్ప మరొకటి వస్తే వింతే అని ఊరంతా నవ్వుకుంది. ఆ బావమరిది మీద కూడా నాకు అనుమానమే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ప్రిమస్ ఓటుతో ఎవరూ గెలిచేది లేదు, ఎవరూ ఓడేది లేదు. దాన్ని లాక్కుని ఎవరికీ దమ్మిడీ లాభం లేదు.

ఎన్నికల ముందు రోజు విస్కీ పీపా దించడానికి వచ్చి ప్రిమస్ నన్ను అడిగాడు. "ఎంత గట్టిగా చెప్పాలంట అమ్మగారూ?"

"బల్ల దగ్గరున్న గుమాస్తాకు వినపడితే చాలు."

"అంతేనా! నేను పాకలో సుత్తి మోత మధ్య చెప్పి చూసుకుంటున్నా." పీపాను గోడ వారగా దొర్లించి అన్నాడు, "ఇన్నేళ్ళూ కాగితం మడిచి ఇచ్చా. ఆ కాగితం మీద రాసింది కూడా ఇంకొకళ్ళే. నా ఓటు నా నోటితో నేను చెప్పడం ఇదే మొదలు." చెబుతూ చెబుతూ నవ్వేశాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, కొత్త చెప్పులు కొనిచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

మర్నాడు కోర్టు ఇల్లు కిక్కిరిసిపోయింది. మాపిన్ ఖర్చు మీద విస్కీ పోస్తూ నేను కూజాతో లోపలే తిరుగుతున్నాను. దుంగలతో కట్టిన గది, మధ్యలో ఒక బల్ల. బల్ల వెనక షెరీఫ్ ఓబెడ్ లైల్, ఆయన పక్కన గుమాస్తా. అటొక కుర్చీలో మాపిన్, ఇటొక కుర్చీలో పెల్హామ్. పిలవగానే మనిషి వచ్చి పేరు చెబుతాడు, గుమాస్తా రాసుకుంటాడు. ఎవరి పేరు చెబితే ఆ అభ్యర్థి లేచి, వంగి, ఓటు వేసినవాణ్ణి పూర్తి పేరుతో పిలిచి కృతజ్ఞత చెప్పాలి. అది మా మర్యాద. పొద్దున్నుంచీ లేచి వంగీ లేచి వంగీ మాపిన్‌కు నడుం పట్టేసింది. పెల్హామ్ మాత్రం హాయిగా కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ప్రిమస్ టోలివర్!" అని పిలిచాడు షెరీఫ్.

ప్రిమస్ వచ్చాడు. నీలం కోటు, చేతిలో టోపీ.

"ఎవరికయ్యా ఓటు?"

"థాడియస్ మాపిన్ గారికి!"

ఎంత గట్టిగా అన్నాడంటే బయట కట్టేసిన గుర్రం ఒకటి తాడు గుంజుకుంది. జనం గొల్లున నవ్వారు. మంచి నవ్వే. గుమాస్తా రాసేశాడు. మాపిన్ లేచాడు, వంగాడు.

"ప్రిమస్ టోలివర్ గారూ, మీరు నా మీద ఉంచిన నమ్మకానికి ఎంతో కృతజ్ఞుణ్ణి," అన్నాడు.

గారూ అన్నాడు. పొద్దున్నుంచీ అందరికీ అదే ముక్క అప్పజెబుతున్నాడు గనుక నోటికి అదే వచ్చింది. ప్రిమస్ కూడా వంగబోయాడు.

అప్పుడు పెల్హామ్ నవ్వాడు. ముందు చిన్నగా నవ్వి, తరవాత ఆపుకోలేక పడి పడి నవ్వాడు. "మాపిన్ గారూ, మీ చేత్తో మీరు రాసిందే మర్చిపోయారా?"

"ఏం రాశాను?" అన్నాడు మాపిన్, ఇంకా చిరునవ్వు ముఖంతోనే.

పెల్హామ్ జేబులోంచి కొత్త రాజ్యాంగం అచ్చుప్రతి తీసి చదివాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండిన ప్రతి స్వతంత్ర పురుష పౌరుడికీ ఓటు ఉంటుంది. అక్కడ ఆగి, ప్రతిని షెరీఫ్ ముక్కు కిందికి జరిపాడు. ఆ వాక్యం మధ్యలో, బ్రాకెట్లలో, చిన్న ముక్క ఒకటి ఉంది. నల్లవాళ్ళు, మిశ్రమ రక్తం వాళ్ళు, ఇక్కడి ఆదివాసులైన ఇండియన్లు మినహా.

షెరీఫ్ వేలు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇదెప్పుడొచ్చింది?"

"నిరుడు."

"నాకెవరూ చెప్పలేదే!"

"నన్నడుగుతారేం? సభలో కూర్చుని వచ్చింది నేను కాదు," అన్నాడు పెల్హామ్. తరవాత ప్రిమస్ వైపు తిరిగి, "నీ మీద నాకేం కోపం లేదు మామా. ఈ పెద్దమనిషి ముసుగు తీద్దామని చెప్పానంతే," అన్నాడు.

నా చేతిలో కూజా వంగి ఎవరి బూటు మీదనో విస్కీ కారుతుంటే అతను కాలు కూడా తీయలేదు. నాకు నిజంగా మతిపోయింది. పెల్హామ్‌కు తప్ప అక్కడున్నవాళ్ళలో ఎవరికీ ఆ ముక్క తెలియదు. ఏడాది పైగా ఆ రాజ్యాంగాన్ని పొగుడుతూ మా ఇంట్లో తాగారు, పాటలు పాడారు, ఒక్కడూ దాన్ని చివరికంటా చదవలేదు. మా కౌంటీ మొత్తంలో ఆ చిన్న ముక్క తగిలేది ఒకే ఒక్కడికి. ఆ ఒక్కడూ ఆగస్టులో జ్వరంతో పడుకుని ఉన్నాడు.

"అంటే ఏంటి లైల్ గారూ?" అన్నాడు ప్రిమస్. ఆ గొంతు ఇందాకటిది కాదు.

"అంటే... నీ ఓటు చెల్లదు మామా."

మళ్ళీ మామా అయిపోయాడు.

"నేనేం తప్పు చేశా?"

"తప్పేం లేదు."

"పోయినసారి ఓటు వేశా గదా. మీరే పిలిచారు."

"పిలిచా. అది పాత చట్టం."

ప్రిమస్ మెల్లగా మాపిన్ వైపు తిరిగాడు. మాపిన్ ఇంకా నిలబడే ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆయన నటించలేదు, అది నేను ఒప్పుకుంటాను. నిజంగానే మర్చిపోయాడు. నాకు అదే ఎక్కువ మండింది. గుర్తుపెట్టుకుని చేసిన ద్రోహమైతే కనీసం ఆ మనిషిని లెక్కలో వేసుకున్నట్టు. ఈయన ఒక మనిషి నోరు నొక్కి, నొక్కిన సంగతి కూడా మర్చిపోయి, వచ్చి ఆ నోటితోనే తన పేరు చెప్పించుకుని దండం పెట్టాడు!

"ఈ ముక్క చదివినప్పుడు మీరు సభలో ఉన్నారా మాపిన్ గారూ?" అని అడిగాడు ప్రిమస్.

"ఉన్నా."

"ఏమన్నారు?"

మాపిన్ పెదవులు తడుపుకున్నాడు. "ఎవరూ ఏమీ అనలేదు ప్రిమస్. పెద్ద పెద్ద సంగతులు బోలెడు ఉన్నాయి ఆ రోజు. అదొక చిన్న ముక్క. ఎక్కడో ఒకరిద్దరికి తగిలేది."

"ఆ ఒకరు నేనే గదా."

"నాకు గుర్తు రాలేదు. ఒట్టు, నువ్వు గుర్తు రాలేదు."

"మీరేమన్నారని అడిగా."

"ఏమీ అనలేదు."

"నేను ఓటు వేసి పంపింది మిమ్మల్ని మాట్లాడమని గదా," అన్నాడు ప్రిమస్. కోపంగా అనలేదు. అర్థం కాక అడుగుతున్నట్టే అన్నాడు.

వెనక నుంచి ఎవడో తాగుబోతు, "మామా, చెప్పిన మాట వెనక్కి మింగెయ్యి, సరిపోద్ది!" అని అరిచాడు. ఇద్దరు నవ్వారు. నేను కూజా బల్ల మీద దభీమని పెట్టాను. "ఇంకొకడు నవ్వితే ఈ రోజుకు చుక్క పొయ్యను," అన్నాను. దానికి మాత్రం అందరూ భయపడ్డారు. నా చేతనైంది అంతే. నాకు ఓటు ఎప్పుడూ లేదు. ఉంటే ఎలా ఉంటుందో తెలియదు, పోతే ఎలా ఉంటుందో అంతకన్నా తెలియదు. ఆ రోజు ప్రిమస్ ముఖం చూశాకే కొంచెం తెలిసింది.

గుమాస్తా పక్కకు వంగి షెరీఫ్‌ను అడిగాడు. "రాసేశానండీ. ఏం చెయ్యమంటారు?"

"కొట్టెయ్యి," అన్నాడు షెరీఫ్, తలెత్తకుండా.

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. కంగారులో సిరా చుక్క బల్ల మీద పడింది. ప్రిమస్ బల్ల మీదికి వంగి చూస్తూ, "మెల్లగా కొట్టు బాబూ. కింద వాడి పేరు మీద పడుద్ది గీత," అన్నాడు. అది విని షెరీఫ్ కళ్ళు మూసుకున్నాడు. మాపిన్ కుర్చీలో కూలబడ్డాడు. గుమాస్తా కొట్టేశాడు. తరవాతి పేరు పిలిచారు. ఆ తరవాతి వాడు వచ్చి మాపిన్ గారికే అన్నాడు. మాపిన్ లేచి వంగి కృతజ్ఞత చెప్పాడు. ఎన్నిక ఆగలేదు మరి!

ప్రిమస్ ఇంటికి వెళ్ళిపోయాడనుకున్నాను. వెళ్ళలేదు. కోర్టు ఇంటి గుమ్మం పక్కన, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం రొట్టె, మాంసం తీసుకెళ్ళి ఇచ్చాను. పుచ్చుకున్నాడు గానీ తినలేదు.

"ఇంటికి పో ప్రిమస్. చలిగా ఉంది, మళ్ళీ జ్వరం వస్తుంది."

"పోతా అమ్మగారూ."

"ఏం ఆలోచిస్తున్నావు?"

"ఆ కాగితం వేసి మాపిన్ గారిని పంపింది నేనే గదా అని," అన్నాడు. "నా చేత్తోనే నేను చేసుకున్నట్టయింది." నీ తప్పు కాదని నేను చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి నా పనిమనిషి మీద ఊరికే కేకలేశాను.

పొద్దు గుంకింది. ఎన్నిక ముగించే ముందు షెరీఫ్ గుమ్మంలోకి వచ్చి, బయట తిరిగే వాళ్ళకు కూడా వినపడేలా మూడుసార్లు పిలుపు పెట్టాలి. దారిలో ఆలస్యమైనవాడు ఎవడైనా ఉంటే పరిగెత్తుకొస్తాడని అలా పెట్టిన పద్ధతి. లైల్ వచ్చి నిలబడ్డాడు.

"ఓటు చెప్పవలసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా?"

పక్కనే కూర్చున్న ప్రిమస్ లేచి టోపీ తీశాడు. "ఉన్నా," అన్నాడు.

పొద్దున ఎంత గట్టిగా చెప్పాడో అంత గట్టిగా అన్నాడు. వాకిట్లో ఉన్న జనం అక్కడికక్కడే ఆగిపోయారు. గుర్రం ఎక్కబోతున్న మాపిన్ ఒక కాలు రికాబులో, ఒక కాలు నేల మీద ఉంచి అలాగే ఉండిపోయాడు. లైల్ ప్రిమస్ వంక చూడలేదు. ఎదురుగా మా ఇంటి పొగగొట్టం వంక చూస్తూ రెండోసారి పిలిచాడు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నా."

మూడోసారి పిలుస్తూ లైల్ గుమ్మం చెక్క పట్టుకున్నాడు. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానయ్యా. ప్రిమస్ టోలివర్‌ను. ఇక్కడే ఉన్నా."

లైల్ కాసేపు నిలబడ్డాడు. తరవాత లోపలికి తిరిగి గుమాస్తాతో, "ఎవరూ లేరు. ముగించు," అన్నాడు. మా రాష్ట్రంలో వర్జీనియా పెద్దమనిషి పక్షం గెలిచింది. మా మాపిన్ వెళ్ళి అధ్యక్షుడికి ఓటు వేసి వచ్చాడు. ఆ రాత్రి ఊళ్ళో మంటలు వేసి గంతులేశారు. నేను తలుపు మూసేశాను. మాపిన్ భోజనానికి మనిషిని పంపితే పొయ్యి ఆర్పేశానని చెప్పించాను. తరవాత ఆయన మా ఇంట్లో మళ్ళీ ముద్ద ముట్టలేదు.

ప్రిమస్ పాకలో బోర్లించిన పీపా మీద కూడా ఆ తరవాత ఏ పెద్దమనిషీ కూర్చోలేదు. పీపాలు మాత్రం కావాలి గదా, నౌకర్లను పంపి తెప్పించుకునేవాళ్ళు. ఆయన నడుం నొప్పి ఎలా ఉందని ఎవరికీ అవసరం లేకపోయింది. డోర్కస్ ఒకసారి నాతో చెప్పింది, ఇంట్లో ఆయన మాట్లాడటం బాగా తగ్గించేశాడట. మాటలన్నీ దాచుకుని ఆ ఒక్క రోజుకు తీసుకెళ్తాడమ్మా అంది.

ఎందుకంటే ప్రతి ఎన్నికకూ వచ్చేవాడు. ఆగస్టులో అయినా నవంబరులో అయినా, పెద్దదైనా చిన్నదైనా. పొద్దుగుంకే వేళకు నీలం కోటు వేసుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడేవాడు. షెరీఫ్ మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ "ఉన్నా" అనేవాడు. గొడవ లేదు, తిట్టు లేదు, కన్నీళ్ళు లేవు. ఆ మాట చెప్పి ఇంటికి వెళ్ళిపోయేవాడు. మొదట్లో కుర్రకారు నవ్వేవాళ్ళు. తరవాత తరవాత పిలుపు వేళకు జనం వాకిలి ఖాళీ చేసి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. మాపిన్ అయితే మధ్యాహ్నానికే ఇంటికి వెళ్ళిపోయేవాడు. పాపం లైల్ మాత్రం ఏనాడూ తప్పించుకోలేదు. పిలిచేవాడు, జవాబు వినేవాడు, ప్రతి జవాబు తరవాతా కాస్త ఆగేవాడు. ఆయన్ని అంతకు మించి మెచ్చుకోలేను, అంతకు మించి తిట్టనూ లేను.

లైల్ దిగిపోయాక వచ్చిన షెరీఫ్ కుర్రవాడు. వినయంగలవాడే, నన్ను అత్తా అని పిలుస్తాడు. అతని మొదటి ఎన్నికలో పొద్దు గుంకింది. ప్రిమస్ ఎప్పటిలా గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ మధ్యనే డోర్కస్ పోయింది, మనిషి బాగా వంగిపోయాడు. నేను కూజాలు తీసుకుపోదామని వచ్చి వాకిట్లో ఉన్నాను. లోపల పుస్తకం మూసిన చప్పుడైంది. దీపం ఆర్పారు. కుర్ర షెరీఫ్ బయటికి వచ్చి తలుపుకు తాళం వేస్తున్నాడు.

ప్రిమస్ టోపీ చేత్తో పట్టుకుని ఇంకా చూస్తున్నాడు. "పిలుపు పెట్టలేదేం బాబూ?" అన్నాడు.

"ఇక పిలుపు లేదు మామా. తీసేశాం."

"అయ్యో, అదేంటి? ఎవరైనా మిగిలిపోయారేమో చూడాలి గదా."

"ఎవరూ లేరు లే మామా."

"నేనున్నాగా," అన్నాడు ప్రిమస్.

"అందుకే," అన్నాడు ఆ కుర్రవాడు. ఎంతో మెత్తగా, పెద్దాయనకు మెట్టు ఉంది చూసుకో అని చెప్పినట్టుగా అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని, నాకు తల వంచి దండం పెట్టి, వెళ్ళిపోయాడు.

ప్రిమస్ తాళం వేసిన తలుపు వంక చాలాసేపు చూశాడు, టోపీ పెట్టుకున్నాడు, నది వైపు నడిచాడు. తరవాతి ఎన్నికకు ఆయన రాలేదు. ఆ తరవాత ఇక ఎప్పుడూ రాలేదు. ఎన్నిక ముగిసేటప్పుడు షెరీఫ్ గుమ్మంలోకి వచ్చి అలా పిలిచేవాడని ఇప్పుడు ఓటు వేసే కుర్రాళ్ళకు చెబితే, దేనికట అని నన్నే ఎదురు అడుగుతున్నారు.